చీర తిరగేసి చూపించే వదిన

పెనుకొండలో ఒక పెండ్లికి పోయి, తిరుగు బస్సు కోసం నిలబడి ఉంటే ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడో చూసిన ముఖమే గాని పేరు తెలియదు.

"ఏమ్మా, మీ వదిన మూట తేవడమే మానుకునిందే? ఆమె వస్తాదని పండగకు అంగట్లో చీర కొనకుండా కూచ్చోనుండా," అని గట్టిగానే అడిగింది.

మా వదిన పోయి ఏడాది దాటింది. ఆ సంగతి బస్టాండులో నిలబడి చెప్పాల్సి వచ్చింది. ఆమె నా చెయ్యి వదల్లేదు. కాసేపు బస్సుల వైపు చూసి, "ఒక్కనాడన్నా కొనుక్కోమని అడగలేదమ్మా ఆమె. అయినా నా బీరువా నిండా ఆమె చీరలే," అంది.

సోమందేపల్లి దాటేదాకా ఆ మాటే తలచుకుంటూ వచ్చాను. నేను చదివింది ఐదో తరగతి. రాయడం కన్నా చెప్పడం నాకు బాగా వస్తుంది. మా వదిన గురించి రాస్తానంటే మా పాప, "నా సంగతి వదిలేస్తే అత్త సగమే వస్తాదమ్మా. అంతా రాయి," అంది. పాప రాయమంది కాబట్టే రాస్తున్నాను, లేకపోతే రాసే సంగతి కాదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. ధర్మవరంలో ఉండేది. భర్త పోయినప్పటి నుంచి మగ్గాల ఇళ్ళ నుంచి పట్టుచీరలు తెచ్చి, తెల్లగుడ్డలో మూటకట్టి, ప్యాసింజరు రైలెక్కి పెనుకొండలో కొన్ని ఇళ్ళూ హిందూపురంలో కొన్ని ఇళ్ళూ తిరిగి అమ్మేది. పట్టు అమ్ముతూ తాను మాత్రం నూలు చీరలే కట్టేది. ఎందుకని అడిగితే, అమ్మేది కట్టుకుంటే అమ్మబుద్ధి కాదని నవ్వేది. నవ్వితే భుజాలు రెండూ ఎగిరేవి, నోట్లో నుంచి చప్పుడు మాత్రం వచ్చేది కాదు.

ఏ ఇంటికి పోయినా ముందు నీళ్ళు అడిగేది. నిలబడే తాగేది. తాగినాక చాప మీద కూర్చుని మూట విప్పేది. మామూలుగా చీరలమ్మేవాళ్ళు కొంగు పరిచి జరీ మెరిపిస్తారు. ఈమె మొదట చీరను తిరగేసేది. లోపలి వైపు వదులుగా వేలాడే పోగులు, ముడులు, జరీ కొసలు అన్నీ చూపించి, వాకిట్లో వెలుతురులో పెట్టి చెయ్యి వేసి చూడమనేది. "ముందర మెరిసేది అందరికీ, వెనకాల గుచ్చుకునేది కట్టుకున్యామెకే," అనేది. ఇట్లా చెబితే ఎవరు కొంటారని మా ఆయన ఎగతాళి చేసేవాడు. కొనేవాళ్ళు కొన్నారు. మళ్ళీ మళ్ళీ కొన్నారు.

నీకు ఈ రంగు బాగుంటుందని ఆమె ఒక్కరికి కూడా చెప్పి ఎరగదు. ఎవరన్నా బాగుందా అని అడిగితే, "ఎవురికోసరం కట్టుకుంటాండావో చెప్పు, నేను చెప్తా," అనేది. చూసిన రోజే డబ్బులిస్తామన్నా తీసుకునేది కాదు. చీరను ఆ ఇంట్లోనే పెట్టేసి పోయేది. నాలుగు దినాలు బీరువాలో ఉండనీ, పొద్దున లేచి చూసినా నచ్చితే అప్పుడు నీది, లేకుంటే నాది అనేది. అట్లా పెట్టిపోయిన చీరలు ఎన్నో తిరిగొచ్చేవి. ఏ చీర ఎందుకు తిరిగొచ్చిందని ఆమె అడిగేది కాదు.

ఒకనాడు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి నీళ్ళు తాగుతూ ఉంటే మా పాప గదిలోకి పిలిచి తలుపు వేసుకుంది. పాప అప్పటికి డిగ్రీ అయి హిందూపురంలోనే ఒక ఆఫీసులో పనిచేస్తోంది. పెండ్లి సంబంధాలు వస్తున్నాయి, ఏదో ఒక వంక పెట్టి అన్నిటినీ కాదంటోంది. చాలాసేపటికి వదిన బయటికి వచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పాప బెంగళూరు పోయి రొమ్ములు పెద్దవి చేయించుకునే ఆపరేషను గురించి డాక్టరును అడగాలంటోందట.

నేను పొయ్యి ఆపేశాను. ఫోన్లలో చూసి పిల్లలు చెడిపోతున్నారని ఏదేదో అన్నాను. వదిన వినీ విననట్టు ఉండి, "ఎవురికోసరమే అని అడిగితే నాకోసరమే అనింది. ఆ మాట నేను నమ్మలేదులే. పట్టుచీర కొనేటప్పుడు గూడ అందరూ నాకోసరమే అంటారు, తోడికోడలి కండ్లు కుట్టాలని కొంటారు," అంది.

మరి వద్దని చెప్పొచ్చు కదా అన్నాను.

"చూడకుండా వద్దంటే దొంగతనంగా పోతాది. పోదాం. తిరగేసి చూసొద్దాం."

ముగ్గురం పొద్దున రైలెక్కి పోయాం. మా ఆయనకు నేనే మొక్కుబడి ఉందని చెప్పాను. పాప ఫోనులో చూసిపెట్టుకున్న క్లినిక్కు అది. అద్దాల గోడలు, చల్లటి గాలి, తాగడానికి కమలా రసం. కోటు వేసుకున్న ఒక అమ్మాయి నవ్వుతూ వచ్చి, ముందు ఇట్లా ఉన్నవాళ్ళు తర్వాత అట్లా అయ్యారని బొమ్మలు చూపించింది. మా వదినకు కన్నడం బాగా వచ్చు. గౌరీబిదనూరు దాకా చీరలమ్మిన మనిషి. బొమ్మలన్నీ ఓపికగా చూసి, లోపల పెట్టే ఆ సిలికాను సంచులు ఎన్నేండ్లు ఉంటాయని అడిగింది. చాలా ఏళ్ళు ఉంటాయి ఆంటీ అందా అమ్మాయి. చాలా అంటే ఎన్ని? అది డాక్టరు చెబుతారట. డాక్టరు యాడ? అడ్వాన్సు కట్టినాక కూర్చోబెడతారట. ఈ రోజే కడితే ధరలో తగ్గింపు కూడా ఉందట. ఆ తగ్గించిన ధర కూడా మా అంగడి ఆర్నెల్ల రాబడి కన్నా ఎక్కువే.

అందులో మత్తు డాక్టరుకు, పరీక్షలకు, రాత్రి ఉండే పడకకు వేరేగా కట్టాలా, కలిపే చెప్పారా అని వదిన అడిగింది. కొన్ని కలిపి, కొన్ని వేరే అని వచ్చింది జవాబు. తర్వాత పాడైతే తీసేదానికి ఎంత అని అడిగింది. ఆ అమ్మాయి నవ్వు కొంచెం తగ్గింది.

వదిన లేచి నిలబడింది. "మూట విప్పకుండానే దుడ్లు అడుగుతాండారు. మేం పోయొస్తాం తల్లీ," అంది.

రైలులో పాప గౌరీబిదనూరు దాకా ఏడ్చింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. వదిన ఓదార్చలేదు. కిటికీ పక్క సీటు పాపకిచ్చి, తాను ఎదురుగా కూర్చుని పాప ఏడవడమే చూస్తూ ఉంది. హిందూపురం స్టేషను మెట్లు దిగేటప్పుడు నాతో మెల్లగా, "ఇది మెరుపు కోసరం ఏడ్చే ఏడుపు కాదమ్మే. ఇంకేదో ఉండాది, నాకు తెలీలేదు," అంది.

ధర్మవరంలో ఆమె దగ్గర చీరలు కొనే ఒక నర్సమ్మ ఉండేది. ఆమెను అడిగి, బెంగళూరులోనే ఒక పెద్దాస్పత్రిలో వయసైన లేడీ సర్జను ఉందని తెలుసుకొని వచ్చింది. ఈసారి పోయేటప్పుడు వదిన ఒక పని చేసింది. మొదటి చోట వాళ్ళు సరిగ్గా చెప్పలేకపోయింది మన దగ్గర కొలత లేకనే అనుకుంది. దర్జీ దగ్గరికి కొలత లేకుండా పోతామా? అందుకని పాప బట్టల్లో నుంచి ఒక ఆది రవిక తీసి తన సంచిలో పెట్టుకుంది. మాకెవరికీ చెప్పలేదు. మా పాప ఏ దర్జీనీ ఒంటి మీద కొలత తీయనిచ్చేది కాదు, ఎప్పుడూ ఆది రవికే ఇచ్చేది. సిగ్గు ఎక్కువ అనుకునేదాన్ని.

ఆ డాక్టరమ్మది చిత్తూరు వైపు. తెలుగులో మాట్లాడింది. ఏమమ్మా, ఎందుకనుకుంటున్నావు అని పాపను అడిగింది. పాప తల వంచుకుని ఉంది. వదిన సంచిలో చెయ్యి పెట్టి, "కొలతకు రవిక తెచ్చినాం మేడమ్," అని బల్ల మీద పెట్టింది.

పాప చటుక్కున చెయ్యి చాచింది. అప్పటికే వదిన చేతులు అలవాటు ప్రకారం రవికను తిరగేశాయి.

కుడి వైపు మామూలు అస్తరు గుడ్డే. ఎడమ వైపు మెత్తటి నూలుగుడ్డ మడతలు, ఒకదాని మీద ఒకటి, గుండ్రంగా, లోపలికి పోయే కొద్దీ చిన్నవిగా. అన్నీ చేత్తో కుట్టినవి.

డాక్టరమ్మ చూసింది. నేను చూశాను. ఆ ఒక్క చూపులో పాప నిద్రలో కూడా కప్పుకునే దుప్పటి, ఎండాకాలంలో తీయని చున్నీ, అక్కచెల్లెళ్ళ వరసైన పిల్లలతో కలిసి స్నానానికి రాకపోవడం, తిరగ్గొట్టిన సంబంధాలు అన్నీ నా ముందుకు వచ్చి నిలబడ్డాయి. వదిన ఏదో ఒకటి అంటుందని చూశాను. ఆమె ఆ మడతల మీద అరచెయ్యి పెట్టి కప్పింది. ఎవరూ చూడకుండా దాచినట్టు. తర్వాత వేలితో కుట్టు తడిమి చూసి, "ఇంత సన్నకుట్టు యాడ నేర్చుకున్యావే?" అని అడిగింది.

పాప అత్త ఒళ్ళో తల పెట్టేసింది. ఏడో తరగతి నుంచి ఒక పక్క ఎదుగుతోంది, ఒక పక్క ఎదగడం లేదట. పెద్దయ్యే కొద్దీ సరిపోతుందేమో అని చూసిందట. అదంతా ఒళ్ళో నుంచే చెప్పింది.

డాక్టరమ్మ తొందరపడలేదు. పాపను లోపలికి తీసుకుపోయి చూసి వచ్చి మాకు విడమరిచి చెప్పింది. కొంచెం తేడా చాలామందికి ఉంటుంది, ఈ పాపకు ఎక్కువగా ఉంది, ఇది తల్లి తిన్నదాని వల్లా తినని దాని వల్లా రాలేదు అంది. ఆ మాట నా వైపు చూసి చెప్పింది. ఇందులో ప్రాణానికి ముప్పు ఏమీ లేదు, చేయించుకోకపోయినా ఆరోగ్యానికి నష్టం లేదు, ఇది మనసు నెమ్మది కోసం చేసేది, కాబట్టి ఆ మనసు పాపదై ఉండాలి అంది.

వదిన సర్దుకుని కూర్చుంది. అప్పుడు మొదలుపెట్టింది అడగడం. లోపల పెట్టే సంచి పగిలితే ఏమవుతుంది? లోపల గట్టిపడుతుందట కదా? చీము పడితే? రేపు బిడ్డకు పాలివ్వగలదా? స్పర్శ పోతుందా? డాక్టరమ్మ ఒక్కటి కూడా దాటెయ్యలేదు. పగలొచ్చు, పగిలినా బయటికి తెలియకపోవచ్చు, అందుకే అప్పుడప్పుడూ స్కానింగు చేయించుకోవాలి. చుట్టూ పొర కట్టి అది గట్టిపడి నొప్పి రావచ్చు, వస్తే మళ్ళీ కోసి సరిచేయాలి. చీము పడితే తీసేయాల్సి రావచ్చు. స్పర్శ కొన్నాళ్ళు మొద్దుబారుతుంది, కొందరికి అట్లాగే ఉండిపోతుంది. పాలు చాలామందికి వస్తాయి, కొందరికి తగ్గుతాయి, ఈ పాపకు ఆ పక్క పాలగ్రంథులే తక్కువ కాబట్టి ఆపరేషనుతో పనిలేకుండానే అటు తక్కువ రావచ్చు. ఎన్నాళ్ళుంటుందని నేను చెప్పలేను, జీవితాంతం ఉంటుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మొద్దు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి వస్తుంది, దానికి మళ్ళీ ఖర్చు అవుతుంది. రెండూ అచ్చు ఒకటిగా ఉండవు, దగ్గర దగ్గరగా ఉంటాయి అంతే.

కోయకుండా దారి ఏమన్నా ఉందా అని కూడా వదిన అడిగింది. లోబట్టలో పెట్టుకునే సిలికాను దిండ్లు వస్తాయి, అవి కొన్నాళ్ళు వాడి చూడమని డాక్టరమ్మ చెప్పింది. పాపకు ఇంకా వయసుంది, ఇంటికి పోయి ఆలోచించుకుని రండి అని పంపించింది. బయటికి వచ్చాక వదిన, "ఈమె మూట విప్పి చూపించింది," అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు.

ఆ తర్వాత వదిన ఆ ఊసే ఎత్తలేదు. నెలనెలా మూటతో వచ్చేది, నీళ్ళు తాగేది, పాపను పలకరించేది, పోయేది. నేను లోపల్లోపల ఉడికిపోతూ, కాస్త అడుగు వదినా అంటే, "చీర ఇంట్లో పెట్టినాక తలుపు తట్టకూడదు," అనేది. పాప సిలికాను దిండు తెప్పించుకుని వాడింది. చెమటకు ఒరుసుకుపోతోంది, వంగితే జరుగుతుందేమో అని మళ్ళీ అదే భయం. ఒకరోజు తానే అత్తకు ఫోను చేసి, చేయించుకుంటానని చెప్పింది. తన జీతంలో దాచుకున్నది ఉందంది. తక్కువ పడింది అత్త వేస్తానంది.

ఇక మా ఆయనకు చెప్పాలి. వదినే చెప్పింది, అంగట్లో గల్లా ముందు నిలబడి. ఆయన మండిపడ్డాడు. దేవుడిచ్చిన ఒంటిని కోయించుకోవడమేంది, ఊర్లో తెలిస్తే సంబంధాలు వస్తాయా, ఏమన్నా అయితే ఎవరిది పూచీ అని.

"నీ కంట్లో పొర గూడ దేవుడిచ్చిందే కదప్పా. యాల తీయించుకున్యావు?"

"అది కనపడక."

"ఇది గూడ కనపడకనే. ఇన్నేండ్లు నీకు, నాకు, కన్న తల్లికి కనపడలేదు."

ఆయన గల్లా మూసేశాడు. ఏమన్నా అయితే తనదే పూచీ అని, కాకుండా మంచి జరిగితే మాత్రం పాప ధైర్యానిదే అని చెప్పి వదిన అంగడి మెట్లు దిగింది. ఆ దినం నుంచి ఆయన అక్కతో మాటలు మానేశాడు. కాని వద్దని పాపతో అనలేదు.

ఆపరేషను రోజు నేను దేవుళ్ళందరినీ పిలుస్తూ కూర్చున్నాను. వదిన మాత్రం తలుపు వైపే చూస్తూ కూర్చుంది. అన్ని ప్రశ్నలు అడిగిన మనిషి ఆ రోజు ఎవరినీ ఏమీ అడగలేదు. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకున్న పాప చున్నీని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్ళీ మడతపెడుతున్నాయి. ఆమెకు భయమేస్తుందని నాకు అప్పుడు తెలిసింది. నర్సు వచ్చి అమ్మాయి కండ్లు తెరిచిందని చెబితే, ఆమె ఆ చున్నీని చివరిసారి మడతపెట్టి లేచింది.

హిందూపురం వచ్చాక వదిన మా ఇంట్లోనే ఉండిపోయింది. మూట ధర్మవరంలోనే వదిలేసింది. ఆమె వ్యాపారం అంతకాలం ఆగింది ఎప్పుడూ లేదు. పాప చేతులు పైకెత్తకూడదు, బరువులు ఎత్తకూడదు. నొప్పికి రాత్రిళ్ళు మూలిగేది. మొద్దుబారినట్టుంది అత్తా అంటే, ముందే చెప్పినారు కదా, చూద్దాం అనేది గాని, ఏం కాదులే అని ఉత్తుత్తి మాట చెప్పేది కాదు. రోజూ జడ వేసేది. ఊళ్ళో వాళ్ళకు అపెండిసు ఆపరేషను అని నేనే చెప్పాను. వదినను కూడా అట్లాగే చెప్పమన్నాను. ఎవరికి చెప్పాలో, ఏం చెప్పాలో అది పాప ఇష్టం, తన నోట్లో నుంచి అబద్ధమూ రాదు నిజమూ రాదు అంది.

ఒక సాయంత్రం మా వీధి చివర స్టీలు సామాన్ల అంగడి ఆమె పరామర్శకు వచ్చింది. చాప మీద కూర్చుని, అపెండిసుకు హిందూపురంలో డాక్టర్లు లేరా, బెంగళూరు దాకా యాలమ్మా పోయినారు, పిల్లకు ఏమన్నా తక్కువా ఎక్కువా అయితే దాచొద్దు అని మెల్లమెల్లగా తవ్వుతోంది. నేను తడబడుతున్నాను. మా ఆయన అంగడి మూసి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. వదిన గోడకు ఆనుకుని కూర్చుని పాప వైపు చూస్తోంది.

పాప మంచం మీద నిటారుగా కూర్చుంది. చున్నీ పక్కనే ఉంది, తీసుకోలేదు. "అపెండిసు కాదు పెద్దమ్మా. నాకు ఒక పక్క రొమ్ము ఎదగలేదు. సరి చేపిచ్చుకున్యా," అంది.

చెంబులో నీళ్ళు పడే చప్పుడు ఆగిపోయింది. ఆయన ఇంక లోపలికి రాకుండా వీధిలోకి పోతాడనుకున్నాను. తడి కాళ్ళతో లోపలికి వచ్చి, పాప మంచం పక్కన నిలబడ్డాడు.

"మా అక్క దగ్గరుండి చేపిచ్చింది," అన్నాడు.

ఆయన నోట అక్క అనే మాట విని నెలలైంది. వదిన ఆయన వైపు చూడలేదు. భుజాలు మాత్రం కదిలాయి. అది నవ్వో ఏడుపో నేను ఈ రోజుకూ చెప్పలేను.

వచ్చినామె లేచి వెళ్ళిపోతుందనుకుంటే లేవలేదు. మా ఆయన మళ్ళీ బయటికి పోయేదాకా కొంగు కొస నలుపుతూ కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి, "మా కోడల్ని మా కొడుకు ఈ విషయానికే ఎత్తిపొడుస్తాండాడు. బక్క మనిషి. ఆ పిల్ల గూడ చేపిచ్చుకుంటానని ఏడుస్తాండాది. ఆ డాక్టరు యాడుంటాదో చెప్పక్కా," అని మా వదినను అడిగింది.

వదినకు అడ్రసు తెలుసు. ఖర్చు తెలుసు, నొప్పి తెలుసు, వాడు ఎత్తిపొడిస్తే ఆ పిల్ల ఎందుకు కోయించుకోవాలని అడగడమూ తెలుసు. నోరు తెరిచింది కూడా. తెరిచి, ఆగి, మంచం వైపు చెయ్యి చూపించింది.

"నన్ను కాదు. పాపనడుగు."

పాప మంచం మీద కొంచెం జరిగి, పక్కన చోటు చేసింది. "రేపు మీ ఇంటి వదినను పిల్చకరా పెద్దమ్మా. ముందు ఆమెతో మాట్లాడతా," అంది.